ఆ పుస్తకాలు పిల్లల టేబుల్ మీదవి కావు

మొన్న మన ప్రవాస తెలుగు సంఘం పుస్తకాల మార్పిడి రోజున ఏం జరిగిందో కమిటీలో అందరికీ తెలుసు, వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు నడిచింది కూడా. కానీ అసలు ఆ పుస్తకాలు తెచ్చిన మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆ మనిషిని నేనే, అందుకే ఇది రాస్తున్నా.

ఆ రోజు ఒక అట్టపెట్టెలో ఎనిమిది గ్రాఫిక్ నవలలు, అంటే బొమ్మల్లో కథ చెప్పే పుస్తకాలు, తెచ్చా. పదిహేనేళ్ళుగా ఒక్కొక్కటీ కొనుక్కున్నవి, కొన్నయితే నాలుగైదు సార్లు చదివినవి. పెద్దల టేబుల్ మీద నవలలకీ ఆత్మకథలకీ మధ్య కాస్త జాగా చూసి సర్దిపెట్టి, రిజిస్ట్రేషన్ దగ్గర నా డ్యూటీకి వెళ్ళిపోయా. గంట తర్వాత వచ్చి చూస్తే అక్కడ ఒక్కటీ లేదు, ఎవరో తీసుకెళ్ళారు కాబోలు అని ఒక్క నిమిషం ఎంత సంతోషం వేసిందో. వాలంటీర్ అమ్మాయిని అడిగితే, "అవి బొమ్మల పుస్తకాలు కదక్కా, పిల్లల టేబుల్ మీద పెట్టేశా, అక్కడైతే తొందరగా పోతాయి" అంది. పాపం మంచి మనసుతోనే చేసింది.

నేను గబగబా అటు వెళ్ళేసరికి తొమ్మిదేళ్ళ బాబు ఒకడు నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఒళ్ళో నా పుస్తకాల్లోని మౌస్ తెరుచుకున్నాడు. నలుగురు ఉరికి వేలాడుతున్న పేజీ అది, కోట్లు తొడుక్కున్న ఎలుకలు, కింద బిక్కుబిక్కుమంటూ చూస్తున్న జనం. వాడు ఏడవలేదు, భయపడ్డట్టు కూడా లేడు. తల ఎత్తి, "ఆంటీ, వీళ్ళేం తప్పు చేశారు?" అని అడిగాడు. నాజీల కాలంలో రేషన్ కూపన్లు లేకుండా సరుకు అమ్మారు, అదీ వాళ్ళు చేసిన తప్పు, పుస్తకంలోనే ఉంది జవాబు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి దాన్ని ఎలా చెప్పాలో నేను వెతుక్కుంటూ ఉండగానే వాళ్ళమ్మ వచ్చేసింది.

ఆవిడకి కోపం వచ్చింది. ఎందుకు రాదు, నా బిడ్డయితే నాకూ వచ్చేది. ఆవిడ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నన్ను బాధపెట్టింది వారం తర్వాత వచ్చిన మెసేజ్. "ఇకమీదట బొమ్మల పుస్తకాలు స్వీకరించబడవు" అని ఒక్క ముక్క. అంటే బొమ్మలున్నాయి కాబట్టి ముందు పిల్లలవి అనుకున్నాం, పిల్లలకి పనికిరావని తేలాక ఎవరికీ పనికిరావని తీర్మానించేశాం. ఈ రెంటికీ మధ్య, పెద్దవాళ్ళు చదువుకోవడానికే ఎవరైనా బొమ్మలతో పుస్తకం రాస్తారేమో అన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

మౌస్ గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఇంత గొడవకీ కేంద్రం అదే కదా. ఆర్ట్ స్పీగెల్మన్ వాళ్ళ నాన్న వ్లాడెక్ పోలండ్ యూదుడు, నాజీల ఆష్విట్స్ మరణ శిబిరం నుంచి బతికి బయటపడ్డ మనిషి. కొడుకు ఆయన్ని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్న కథే ఈ పుస్తకం. యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు. మొదటి భాగం 1986లో, రెండోది 1991లో వచ్చాయి, 1992లో పులిట్జర్ వాళ్ళు ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. అవార్డు సంగతి పక్కన పెట్టి రెండో భాగంలో ఒక పేజీ చూడండి. ఆర్ట్ తన డ్రాయింగ్ బల్ల ముందు కూర్చుని ఉంటాడు, ముఖానికి ఎలుక మాస్కు, దాని తాడు చెవుల వెనక్కి కట్టుకున్నది మనకి కనిపిస్తూనే ఉంటుంది. మొదటి భాగం బాగా అమ్ముడుపోయిందనీ, నాన్న పోయారనీ, తమకి బిడ్డ పుట్టబోతోందనీ మామూలుగా చెప్పుకుంటూ పోతాడు. చుట్టూ ఈగలు. చివరి బొమ్మ దగ్గరకొచ్చేసరికి ఆ బల్ల కింద శవాల గుట్ట కనిపిస్తుంది. తండ్రి పడ్డ కష్టాన్ని పుస్తకం చేసి పేరు తెచ్చుకున్న కొడుకు మనసులో ఏం ఉంటుందో వాక్యాల్లో రాయాలంటే ఇరవై పేజీలు కావాలి, రాసినా అది సంజాయిషీలాగే ఉంటుంది. ఇక్కడ ఆ మనిషి సంజాయిషీ ఏమీ చెప్పుకోకుండానే మనకి తెలిసిపోయింది.

బొమ్మలు మాటకి అలంకారం కాదు అని నేను అనేది ఇందుకే. చందమామ ప్రతి ఇంట్లో ఉన్న తరం మనది. 1947లో మొదలైన ఆ పత్రికని మన ఇళ్ళల్లో పిల్లల కంటే ముందు పెద్దవాళ్ళు చదివేసేవాళ్ళు, ఆ సంగతి ఎందుకో మర్చిపోయాం. భుజాన శవం, చేతిలో కత్తి, శంకర్ గారు వేసిన ఆ విక్రమార్కుడి బొమ్మ ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది, కథలు మాత్రం సగం గుర్తులేవు. అంతకు చాలా ముందే పటం విప్పి ఒక్కో గడీ చూపిస్తూ రాత్రంతా కథ చెప్పినవాళ్ళున్నారు మనకి, ముందు కూర్చుని విన్నది పెద్దవాళ్ళే. మరి ఎప్పుడు పట్టుకుంది మనకి బొమ్మ అంటే పిల్లలదే అన్న ఆలోచన? అక్షరం వచ్చినవాడికి బొమ్మతో పనేంటి అని మన చదువులు నేర్పాయనుకుంటా. పై తరగతికి వెళ్ళేకొద్దీ పుస్తకంలో బొమ్మలు తగ్గిపోతాయి, బొమ్మ లేకపోవడమే పెద్దరికం అనుకుంటాం.

అమెరికాలో అయితే దీనికి ఒక చరిత్ర కూడా ఉంది. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే సైకియాట్రిస్టు కామిక్సే పిల్లల్ని పాడుచేస్తున్నాయని పుస్తకం రాశాడు, సెనేట్‌లో విచారణ జరిగింది, పబ్లిషర్లు భయపడి కామిక్స్ కోడ్ అని తమకి తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. పిల్లలకి పనికొచ్చేదే వెయ్యాలన్నారు, దాంతో పెద్దల కథలు షాపుల్లోంచి మాయమైపోయాయి. మళ్ళీ తలెత్తడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1978లో విల్ ఐస్నర్ ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్ వేశాడు, చనిపోయిన కూతురి గురించి దేవుణ్ణి నిలదీసే తండ్రి కథ. ఐస్నర్ తన కూతుర్ని పదహారేళ్ళకే లుకేమియాతో పోగొట్టుకున్నవాడు. గ్రాఫిక్ నవల అన్న మాట జనంలోకి వెళ్ళింది ఆ పుస్తకంతోనే. పిల్లల్ని కాపాడాలని పెట్టిన నియమం పెద్దలకి సాహిత్యమే లేకుండా చేసింది, మన కమిటీ మెసేజ్ చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

అవతలివైపు న్యాయం కూడా చెప్పాలి. బొమ్మ నేరుగా తగులుతుంది, వాక్యాన్ని పిల్లలు అర్థంకాక దాటేస్తారు గానీ బొమ్మని దాటలేరు. మౌస్ లోనే స్నానాల తొట్టిలో చనిపోయిన తల్లి బొమ్మ ఉంది, చిన్న పిల్లలు చూడాల్సింది కాదు. "పెద్దలకి మాత్రమే" అని చెప్పి నెత్తురూ ఒంటి మీద బట్టలేని ఆడవాళ్ళూ తప్ప ఇంకేమీ లేని కామిక్స్ కూడా కుప్పలుగా ఉన్నాయి, అవి నాకూ నచ్చవు, అవి పెద్దరికమూ కాదు. కాబట్టి అట్ట మీద వయసు రాసి పెట్టండి, వేరే అరలో పెట్టండి, ఒక మనిషిని కాపలా ఉంచండి, అన్నిటికీ నేను సరే. తలుపు మూసెయ్యడానికి మాత్రం ఒప్పుకోను. ఎందుకో చెప్తా.

మా అమ్మ చివరి రెండేళ్ళూ నేను వీడియో కాల్లోనే చూశా. మీలో చాలామందికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. "ఎలా ఉన్నావమ్మా" అంటే "బాగానే ఉన్నా" అనేది, ఫోన్ కిందకి జారి సీలింగ్ ఫ్యాను కనిపించేది, నేను ఫ్యానుతోనే మాట్లాడుతూ ఉండేదాన్ని. అసలు మాట్లాడాల్సిన విషయం ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. ఆ రోజుల్లో ఒక ఫ్రెండ్ రోజ్ చాస్ట్ పుస్తకం ఇచ్చింది, 2014లో వచ్చింది, పేరు కాంట్ వి టాక్ అబౌట్ సమ్‌థింగ్ మోర్ ప్లెజెంట్. చాస్ట్ కార్టూనిస్టు, అమ్మానాన్నలకి ఒక్కతే కూతురు, వాళ్ళిద్దరూ తొంభై దాటినా చావు మాట ఎత్తితే చాలు టాపిక్ మార్చేసే మనుషులు. వాళ్ళ ముసలితనాన్నీ, తన విసుగునీ, డబ్బు లెక్కల్నీ, ఆ విసుగు మీద తనకే కలిగిన సిగ్గునీ ఏదీ దాచుకోకుండా వేసింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దొరికినవాటిని ఫొటోలే తీసి పెట్టింది, పాత కళ్ళజోళ్ళు, ఒక సొరుగు నిండా సీసాల మూతలు. చివర్లో తల్లి మంచం పట్టాక కార్టూన్ గీత పోతుంది, మాటలు రాసే బెలూన్లు ఉండవు, జోకులు ఉండవు, నిద్రపోతున్న తల్లి ముఖాన్ని పెన్నుతో పేజీ తర్వాత పేజీ గీసింది అంతే. ఆ పేజీల మీద నేను ఎంతసేపు ఉన్నానో తెలీదు. మర్నాడు కాల్ చేసి, "అమ్మా, ఫోన్ సరిగ్గా పట్టుకో, నీ ముఖం చూడాలి" అన్నా, ఆ రోజు మొదటిసారి మేం అసలు విషయం మాట్లాడుకున్నాం, ఏం కావాలో ఏం వద్దో అమ్మే చెప్పింది.

ఈ పుస్తకం ఇప్పుడు మన టేబుల్ మీదకి రాకూడదట.

మిగతా పుస్తకాల్లో మర్జాన్ సత్రాపి పెర్సెపోలిస్ ఉంది, ఇరాన్ విప్లవంలో పెరిగిన అమ్మాయి కథ, నలుపు తెలుపు తప్ప రంగుండదు. పద్నాలుగేళ్ళ పిల్లని వియన్నా పంపిస్తారు, ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్ళాక ఆ పిల్ల ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది, అద్దం అవతల తల్లి స్పృహతప్పి తండ్రి చేతుల్లో ఉంటుంది. మనలో వెనక్కి తిరిగి చూసినవాళ్ళున్నారు, చూడకుండా వచ్చేసినవాళ్ళూ ఉన్నారు, ఆ ఒక్క బొమ్మ ఇద్దరినీ వదలదు. థీ బూయి రాసిన ద బెస్ట్ వి కుడ్ డూ వియత్నాం నుంచి పడవెక్కి వచ్చిన కుటుంబం కథ, తనకి బిడ్డ పుట్టే చోట మొదలుపెట్టి అమ్మానాన్నల బాల్యం దాకా వెనక్కి వెళ్తుంది, మన పిల్లలకి మనం అర్థంకాకపోవడం గురించి ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు.

భీమాయన ఉంది, 2011లో వచ్చింది, అంబేడ్కర్ జీవితం. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు వేశారు. మనుషుల్ని గడుల్లో బంధించం అని చెప్పి గడులే లేకుండా వేశారు. మాటల బెలూన్లు చూడండి, మెత్తటి మాట పిట్ట ఆకారంలో ఉంటుంది, కులం విషం ఉన్న మాటకి తేలు కొండి ఉంటుంది. చదవడం రానివాళ్ళకి కూడా ఎవరు ఎలాంటి మాట అన్నారో తెలుస్తుంది. ఇంకా కేజీ నకజావా బేర్‌ఫుట్ గెన్ ఉంది, హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు ఆరేళ్ళ పిల్లాడు ఆయన, అక్కడే ఉన్నాడు.

ఒక మాట, వీటిని ఎలా చదవాలో కూడా చెప్పాలి. అక్షరానికి అలవాటుపడ్డ మనం బెలూన్లు మాత్రం చదివేసి పేజీ తిప్పేస్తాం, గంటలో అయిపోయింది, ఇందులో ఏముంది అంటాం. నేనూ మొదట అలాగే చదివా. ముందు బొమ్మ చూడండి, మాట తర్వాత. రెండు గడుల మధ్య తెల్లటి సందు ఉంటుంది, దాన్ని గట్టర్ అంటారు. ఒక గడిలో ఎత్తిన చెయ్యి, పక్క గడిలో మూసిన తలుపు ఉంటే మధ్యలో ఏం జరిగిందో జరిపించేది మీరే. అక్కడ కాస్త ఆగాలి.

అసలు మాటే లేని పుస్తకం షాన్ టాన్ ద అరైవల్, 2006. భార్యనీ కూతుర్నీ వదిలి భాష తెలియని దేశానికి వెళ్ళిన మనిషి కథ, ఆ దేశంలో అక్షరాలు కూడా టాన్ కల్పించినవే, మనమూ చదవలేం, ఆ మనిషి ఎంత నిస్సహాయుడో మనమూ అంతే. సాహిత్య సదస్సు నడిపే మా బాబాయ్ గారికి ఆ గొడవ తర్వాత దీన్ని ఇచ్చా. "ఈ వయసులో బొమ్మల పుస్తకం ఏంటమ్మా" అంటూనే తీసుకున్నారు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి పుస్తకం గురించి ఏమీ చెప్పలేదు, తను మొదట వచ్చినప్పుడు బస్సు టికెట్ ఎలా అడగాలో తెలియక మూడు మైళ్ళు నడిచిన రోజు గురించి చెప్పారు. ఇరవై ఏళ్ళ పరిచయంలో ఆయన నోట ఆ సంగతి ఎప్పుడూ వినలేదు.

కమిటీ పెద్దలకి నా మనవి ఇదే. ఆ మెసేజ్ వెనక్కి తీసుకోండి. పెద్దల టేబుల్ మీద ఒక మూల ఇవ్వండి, "పద్దెనిమిది దాటినవారికి" అని బోర్డు నేనే రాసి తెస్తా, రోజంతా అక్కడే కూర్చుంటా. వచ్చే సాహిత్య సదస్సులో కవి సమ్మేళనానికీ పుస్తకావిష్కరణలకీ మధ్య ఒక్క గంట ఇవ్వండి, ప్రొజెక్టర్ మీద పది పేజీలు చూపిస్తా, ఉపన్యాసం చెప్పను, అందరం కలిసి చూద్దాం. ఆ బాబు వాళ్ళమ్మని కూడా నేనే స్వయంగా పిలుస్తా, పిల్లాడు అడిగిన ప్రశ్నకి జవాబు ఆవిడ చదివి తనకి తోచిన వయసులో చెప్పుకోవచ్చు. పెట్టెలో ఏడు పుస్తకాలు సిద్ధంగా ఉన్నాయి. ఎనిమిదోది బాబాయ్ గారి దగ్గరే ఉండిపోయింది, పిన్ని గారు కూడా చూస్తున్నారట.