వానపాము ఎటు వెళ్తుందో ముందు పిల్లల్ని చెప్పనివ్వండి

జంతువులు బతకడానికి ఏమేం కావాలి అని అడిగితే మూడో తరగతి పిల్లలు తడుముకోకుండా చెప్పేస్తారు: గాలి, నీరు, ఆహారం, ఆవాసం. జవాబులో తప్పేమీ లేదు. వెంటనే ఇంకో ప్రశ్న వేసి చూడండి. చెరువులో నీళ్లు సగానికి తగ్గితే కప్పల సంగతేంటి? కొందరు "చచ్చిపోతాయి" అంటారు, కొందరు "వేరే చెరువుకు వెళ్లిపోతాయి" అంటారు. అక్కడితో ఆగిపోతారు. మిగిలిన కాసిని నీళ్లు త్వరగా వేడెక్కుతాయని, నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుందని, తోకకప్పలన్నీ కొద్దిపాటి జాగాలో కిక్కిరిసి తిండికి కొట్టుకుంటాయని, కొంగకు వాటిని పట్టడం తేలికవుతుందని వాళ్లకు తట్టదు. ఎలా తడుతుంది? మనం వాళ్లకు బట్టీ పట్టించింది జాబితా. అందులో ఒకటి మారితే మిగతావి ఎలా కదులుతాయో చూసే అవకాశం వాళ్లకు ఇవ్వలేదు.

అందుకే జంతువులకూ వాటి పరిసరాలకూ ఉన్న సంబంధం చెప్పే ఈ పాఠాన్ని నిర్వచనాలతో మొదలుపెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను. జీవ కారకాలు, నిర్జీవ కారకాలు, ఆవరణ వ్యవస్థ అన్న మాటలు తర్వాత వచ్చినా నష్టం లేదు. ముందు పిల్లల చేత ఊహ చెప్పించాలి. తర్వాత చూపించాలి. ఊహ తప్పితే ఎక్కడ తప్పిందో వాళ్లనే వెతకనివ్వాలి.

వెడల్పాటి ట్రేలో సగం తడి కాగితం, సగం పొడి కాగితం పరిచి మధ్యలో నాలుగైదు వానపాముల్ని వదలండి. వదిలే ముందే అవి ఎటు పోతాయో, ఎందుకు పోతాయో ప్రతి ఒక్కరూ రాసి పెట్టాలి. నేను చేయించినప్పుడల్లా దాదాపు అందరూ "తడి వైపు" అనే రాస్తారు. ఎందుకు అన్నచోట మాత్రం "దాహం వేస్తుంది కాబట్టి" అని ఉంటుంది. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. వానపాముకు ఊపిరితిత్తులు లేవు, చర్మంతోనే గాలి పీలుస్తుంది. చర్మం తడిగా ఉంటేనే ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది, ఆరిపోతే ఊపిరాడదు. ఈ సంగతి చెప్పాక పిల్లలు ట్రేలోకి వంగి చూసే తీరే మారిపోతుంది. పొడి కాగితం మీద మూతి అటూ ఇటూ తిప్పుతూ సాగుతున్న వానపామును చూసి ఒక పాప, "ఎంతసేపు ఊపిరి బిగబట్టగలదు?" అని అడిగింది. ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ చూసి అడిగింది కాదు.

తర్వాత ట్రే అంతా తడి చేసి, సగం మీద అట్టముక్క కప్పండి. ఈసారి వెలుతురు, చీకటి. కళ్లే లేని జీవికి చీకటి ఎలా తెలుస్తుందని పిల్లలే అడుగుతారు. దాని చర్మంలో వెలుతురును పసిగట్టే కణాలు ఉన్నాయని అప్పుడు చెబితే మళ్లీ మర్చిపోరు. తడీ చీకటీ రెండూ ఒకేసారి మార్చకండి. మారిస్తే అది దేనికోసం వెళ్లిందో చెప్పలేం, ఆ మాట కూడా పిల్లల నోటే రావాలి. వానపాముల్ని తడి చేతులతో పట్టుకోవడం, పది పదిహేను నిమిషాల్లో ముగించి తెచ్చినచోటే మట్టిలో వదలడం ఈ పాఠంలో భాగమే.

తోటి జీవుల ప్రభావం చూపించడానికి అడవికి పోనక్కర్లేదు. పేనుబంక పట్టిన చిక్కుడు కొమ్మ ఒక్కటి దొరికితే చాలు. భూతద్దం పెట్టి చూస్తే లేత కాడ మీద పురుగులు గుంపులుగా అతుక్కుని రసం పీలుస్తుంటాయి. ఎక్కువైన తీపిని వెనకనుంచి జిగట బొట్లుగా వదులుతాయి. చీమ వచ్చి మీసాలతో పురుగును మెల్లగా తడుతుంది, బొట్టు బయటికి రాగానే తాగేస్తుంది. ఇంతలో అక్షింతల పురుగు వాలుతుంది. దానికి పేనుబంకే తిండి. చీమలు ఊరుకుంటాయా? చుట్టుముట్టి తరుముతాయి. ఎవరు ఎవర్ని తింటారు అన్న ఒక్క సంబంధమే తెలిసిన పిల్లలకు ఇది పెద్ద ఆశ్చర్యం. చీమ పేనుబంకను తినదు, కాపలా కాస్తుంది! ఒక కొమ్మకు మొదట్లో జిగురు పూసి చీమలు ఎక్కకుండా చేసి, పక్క కొమ్మను అలాగే వదిలేసి, వారం పాటు పురుగుల్ని లెక్కపెట్టించండి. ఇంకో మాట. అక్షింతల పురుగు పిల్ల అచ్చం పెద్దదానిలా ఉండదు. నల్లగా, పొడుగ్గా, బుల్లి మొసలిలా ఉంటుంది. దాన్ని చీడ అనుకుని నలిపేసేవాళ్లే ఎక్కువ. ముందే చూపించి పెట్టండి.

పుస్తకంలోని ఆహార గొలుసు దగ్గర నాకు అసలు పేచీ ఉంది. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని వరసగా బొమ్మలు గీసి బాణాలు పెడతాం. పాములు లేకపోతే ఏమవుతుందంటే గద్దకు తిండి ఉండదని, కప్పలు పెరుగుతాయని చెప్పేస్తారు. గడ్డి సంగతి అడిగితే మౌనం. ప్రభావం పక్కింటి దాకానే వెళ్తుందని వాళ్ల అంచనా. కప్పలు పెరిగితే మిడతలు తగ్గుతాయి, మిడతలు తగ్గితే గడ్డి పెరుగుతుంది అని చివరిదాకా నడిపించాలి. ఆ తర్వాత నిజంగా జరిగిన కథ చెప్పాలి. ఉత్తర పసిఫిక్ తీరాల్లో సీ ఆటర్ అనే నీటికుక్కల్ని బొచ్చు కోసం ఎంతగా వేటాడారంటే, 1911లో అంతర్జాతీయ ఒప్పందంతో రక్షణ దొరికేనాటికి రెండు వేలో, అంతకన్నా తక్కువో మిగిలాయి. అవి తినే సీ అర్చిన్లు, అంటే ఒళ్లంతా ముళ్లుండే గుండ్రటి జీవులు, అడ్డులేక పెరిగిపోయాయి. వాటి తిండి కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు. జేమ్స్ ఎస్టెస్, జాన్ పాల్మిసానో అనే శాస్త్రవేత్తలు అలాస్కాలోని అల్యూషన్ దీవుల్లో నీటికుక్కలున్న చోట్లనూ లేని చోట్లనూ పోల్చి 1974లో రాశారు. ఉన్నచోట సముద్రంలో కెల్ప్ దట్టంగా ఉంది, లేనిచోట సీ అర్చిన్లు మేసేసి అడుగు బోసిపోయింది. కెల్ప్‌లో తలదాచుకునే చేపలకు నీడ ఎలా పోయిందో పిల్లలే చెప్పగలరు.

ఇలాంటి కథల్ని మరీ నున్నగా చెక్కి చెప్పడం మాత్రం నాకు నచ్చదు. అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకు 1995లో తోడేళ్లను తిరిగి తెచ్చారు, వెంటనే చెట్లూ నదులూ బాగుపడ్డాయి అని చాలామంది చెబుతారు. తోడేళ్ల ప్రభావం ఎంత, ఎలుగుబంట్లది ఎంత, వాగులకు కొమ్మలతో అడ్డుకట్టలు కట్టే బీవర్లు లేకపోవడం వల్ల జరిగిన నష్టం ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన ఉందని పదేళ్ల పిల్లలకు చెప్పినా కొంప మునగదు, సైన్స్ ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

ఇంకో తప్పు ఊహను మనమే నూరిపోస్తున్నాం. "ఒంటె ఎడారికి తగ్గట్టు మూపురం పెంచుకుంది" అని రాసేస్తాం. చదివినవాడికి ఒంటె కావాలనుకుని పెంచుకున్నట్టే అనిపిస్తుంది. దీనికి మందు పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవి కథ. అక్కడ పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే శాస్త్రవేత్త దంపతులు ఫించ్ పిట్టల్ని పట్టి, ముక్కులు కొలిచి, కాళ్లకు రంగు ఉంగరాలు తొడిగి ఏళ్ల తరబడి గమనించారు. 1977లో వాన లేక చిన్న మెత్తటి గింజలు అయిపోయాయి. మిగిలినవి పెద్దవి, గట్టివి, పల్లేరు జాతి ముళ్ల కాయల్లాంటివి. ఒక జాతి పిట్టల్లో 80 శాతానికి పైగా చనిపోయాయి. బతికినవాటిలో ఆ కాయల్ని చిట్లించగల లావు ముక్కువే ఎక్కువ. వాటి పిల్లల ముక్కులూ లావుగానే వచ్చాయి. ఏ పిట్టా తన ముక్కును పెంచుకోలేదు. రకరకాల ముక్కులు ముందే ఉన్నాయి, కరవు వాటిలో కొన్నింటిని మిగిల్చింది. ఈ తేడా ఐదో తరగతిలో అర్థమైతే తర్వాత పరిణామం పాఠానికి సగం దారి వేసినట్టే.

పరిసరాలంటే కంటికి కనిపించేవే కావని చెప్పడానికి సముద్రపు తాబేలు గుడ్లు మంచి ఉదాహరణ. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడి తేలుస్తుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి, వేడి పెరిగేకొద్దీ ఆడవే ఎక్కువ. ఆస్ట్రేలియా తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ తాబేళ్లను పరీక్షిస్తే ఎదుగుతున్నవాటిలో 99 శాతం ఆడవేనని 2018లో తేలింది. కానీ ఈ సంగతి ఏడేళ్ల పిల్లలకు చెప్పాలా అంటే నేను ఒప్పుకోను. ఒక్క చీమల బారునైనా తీరిగ్గా చూడని వయసులో అంతరించిపోతున్న జంతువుల చిట్టా చేతిలో పెడితే మిగిలేది టెన్షనే. ముందు వానపాము, చిక్కుడు కొమ్మ. తాబేళ్లు ఇంకో మూడు నాలుగేళ్లు ఆగగలవు.

పరీక్షలు మారకపోతే ఇదంతా సరదా పీరియడ్‌గానే మిగిలిపోతుంది. "ఆవాసం అనగానేమి?" బదులు, "ఒక నీటి గుంటలో తోకకప్పలున్నాయి, మూడు వారాలుగా వాన లేదు, ఏం జరగవచ్చు, ఎందుకు?" అని అడగండి. ఎండిపోతున్న గుంటల్లో కొన్ని జాతుల తోకకప్పలు నిజంగానే ఎదుగుదలను తొందరపెట్టి, చిన్న ఒంటితోనే కప్పలై బయటపడతాయి. అది తెలియని విద్యార్థి "తిండి చాలక కొన్ని చనిపోతాయి" అని కారణంతో రాసినా, "కొంగలు ఎక్కువ తినేస్తాయి" అని రాసినా మార్కులు పడాలి. నలభై పేపర్లలో నలభై రకాల కారణాలు చదవడానికి టీచర్‌కు టైమ్ పడుతుంది, నిజమే. పరీక్షకు ఇలాంటి ప్రశ్న ఒక్కటి చాలు.