ఉద్దెర విత్తనానికి బిల్లు ఎవరిస్తారు?

రోహిణి కార్తె వచ్చిందంటే వరంగల్, నర్సంపేట, పరకాల బజార్లలో విత్తనాల దుకాణాల ముందు బండి ఆపే జాగ దొరకదు. పేపర్లలో నకిలీ విత్తనాల వార్తలు కూడా అప్పుడే మొదలవుతాయి. టాస్క్‌ఫోర్స్ దాడులు, పట్టుబడ్డ బస్తాలు, పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కేసులు. 2017లో రాష్ట్రం పీడీ చట్టాన్ని సవరించి నకిలీ విత్తనాలు అమ్మేవాళ్లను కూడా దాని కిందికి తెచ్చింది. మంచి పనే. కానీ ఈ హడావిడిలో అడగాల్సిన ఒక ప్రశ్న ఏటా వెనకబడిపోతోంది. రైతు ఆ విత్తనాన్ని ఎట్లా కొంటున్నాడు, పైసలిచ్చా, ఉద్దెరకా?

రెండేళ్ల కింద మా చిన్నాయనతో కలిసి దుకాణానికి పోయాను. మూడెకరాల పత్తికి ఏ రకం వేయాలో ఆయన ముందే అనుకున్నాడు. పక్క చేన్లో బాగా కాసిన రకం అది. "అది అయిపోయింది కాకా, ఇది కొండవో, దానికంటే మంచిగ కాస్తది" అంటూ డీలర్ వేరే రకం ఆరు ప్యాకెట్లు తీసి బల్ల మీద పెట్టాడు. మేం అక్కడ ఉండగానే, చేతిలో నోట్లు పట్టుకుని వచ్చిన ఇంకొకాయన సంచిలోకి ఆ అయిపోయిన రకమే పోయింది. చిన్నాయన చూశాడు, ఏమీ అనలేదు. నిరుటి బాకీ ఇంకా పద్దులో ఉంది మరి. పొడుగు నోటుబుక్కులో ఆయన పేరు కింద ఆరు ప్యాకెట్లు, రెండు బస్తాల డీఏపీ ఎక్కాయి. తెల్ల చిట్టీ మీద మొత్తం ఎంతో రాసి మా చేతికిచ్చాడు. నేను బిల్లు అడిగాను. "పంటకు లెక్క చూసుకునేటప్పుడు ఇస్తం తమ్మీ" అన్నాడు.

దసరా నాటికి చేను నా ఎత్తు పెరిగింది. కాయలు మాత్రం చెట్టుకు నాలుగైదు. వ్యవసాయ ఆఫీసుకు పోతే అడిగిన మొదటి మాట "బిల్లేది?" రెండో మాట "లాట్ నంబరుందా?" ఏ మోపులో తయారైన విత్తనమో చెప్పే నంబరు అది, ప్యాకెట్ మీదే ఉంటుంది. ఖాళీ ప్యాకెట్లు విత్తిన రోజే ఒడ్డు మీద పారేశాం. ఫిర్యాదు కాగితం అక్కడే ఆగిపోయింది.

ఉద్దెరకు ఇచ్చినా సరే, బిల్లు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డీలర్ కొనుగోలుదారుకు నగదు బిల్లో, ఉద్దెర బిల్లో తప్పకుండా ఇవ్వాలి. నలభై ఏళ్లు దాటింది. మా ఊళ్లో ఉద్దెర బిల్లు అనే మాట విన్న రైతు నాకు ఇంతవరకు తగల్లేదు. 1966 విత్తన చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయలు మించదు. రైతుకు పరిహారం ఇప్పించే దారి అందులో లేదు. ఉన్న ఒక దారి వినియోగదారుల కమిషన్. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తీర్పు విలువైనదే. కానీ ఫలానా దుకాణంలో, ఫలానా లాట్ కొన్నానని చూపడానికి ఆ రైతు చేతిలో ఏముండాలి? మళ్లీ ఆ బిల్లే.

ఇది చేతగాని పనేమీ కాదు. యూరియా సంగతే చూడండి. 266 రూపాయల 50 పైసల బస్తాకు ఆధార్ నంబరు చెప్పి, పాస్ మిషన్ (అమ్మకాలు నమోదు చేసే చిన్న యంత్రం) మీద వేలిముద్ర వేస్తేనే అమ్మకం నమోదవుతుంది. 2018 నుంచి దేశమంతా ఇదే పద్ధతి. ఎరువు మీద సబ్సిడీ సర్కారుది కాబట్టి ప్రతి బస్తాకు లెక్క కావాలి. 2025లో కేంద్రం 901 రూపాయలుగా ధర నిర్ణయించిన బీటీ పత్తి (కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తి) విత్తన ప్యాకెట్‌కు మాత్రం తెల్ల చిట్టీ చాలట. అందులో పోయేది రైతు పైసలే కాబట్టి ఎవరికీ తొందర లేదు. మిషన్ అదే దుకాణంలో, అదే బల్ల మీద ఉంటుంది.

ధరల కట్టడి కూడా బిల్లు లేకపోతే సగమే పనిచేస్తుంది. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కంపెనీలతో కొట్లాడి, 1,600 దాటిన బీటీ ప్యాకెట్‌ను 750కి దించింది. అది చిన్న విజయం కాదు. కానీ ఉద్దెరకు తెచ్చిన ప్యాకెట్ మీద ముద్రించిన ధర ఒకటి, పంట అమ్మిన రోజు మిత్తితో కలిపి కట్టే ధర ఇంకొకటి. ఇక మిర్చికి ఆ కట్టడి కూడా లేదు. కిలో లెక్కన చూస్తే లక్ష దాటే హైబ్రిడ్ విత్తనం పది గ్రాముల ప్యాకెట్లలో వస్తుంది. అదీ నోటుబుక్కులోకే ఎక్కుతుంది.

డీలర్‌ను దొంగను చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. పాస్‌బుక్ అడగకుండా జూన్‌లో పదివేల సరుకు ఇచ్చే మనిషి ఊళ్లో ఇంకెవరున్నారు? పంట పోతే ఆయన బాకీ కూడా మునుగుతుంది. 1997-98లో ఉమ్మడి వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించినప్పుడు కూడా ఇదే ముడి బయటపడింది. విత్తనం, మందు, అప్పు మూడూ ఒక్కరి చేతిలోనే. పురుగు మారింది, విత్తనం మారింది, ఆ ముడి మాత్రం వీడలేదు.

అది వీడాలంటే పైసలు వేళకు చేతిలో ఉండాలి. 2025 వానాకాలం రైతు భరోసా, అంటే రాష్ట్ర సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం, ఎకరాకు 6,000 చొప్పున పడటం మొదలైంది జూన్ 16న. మృగశిర వచ్చి వారం దాటింది. అప్పటికి పత్తి విత్తనం చాలామంది ఇండ్లకు చేరిపోయింది, ఉద్దెర రాత కూడా అయిపోయింది. అదే డబ్బు మే నెలలో పడితే చిన్నాయన లాంటివాళ్లు తమకు కావాల్సిన రకాన్ని అడిగి కొంటారు. కౌలు రైతులకైతే ఆ డబ్బే రాదు. కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చి బ్యాంకు అప్పు ఇప్పించాలని 2011లో చేసిన చట్టం తెలంగాణలో అమలు కావడం లేదు. చేను ఒకరిది, అప్పు ఇంకొకరిది. వాళ్లకు డీలర్ తప్ప దిక్కు లేదు.

వరిలో పరిస్థితి కొంత నయం. వరంగల్ పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన సిద్ది వంటి సూటి రకాన్ని (హైబ్రిడ్ కానిదాన్ని) ఒకసారి తెచ్చుకుంటే, బెరుకులు (కలిసిన వేరే రకం మొక్కలు) ఏరేసి మళ్లీ ఏడాదికి దాచుకోవచ్చు. చపాట మిర్చి కూడా రైతులు తమ కాయల నుంచి తీసిన గింజతోనే ఇన్నేళ్లు నిలిచింది, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. బీటీ పత్తి హైబ్రిడ్‌లో ఆ వెసులుబాటు లేదు, ఏటా దుకాణం మెట్లు ఎక్కాల్సిందే. అందుకే బిల్లు గొడవ ఎక్కువగా పత్తి రైతుదే.

2025లో చిన్నాయన ఉద్దెర జోలికి పోలేదు. ఊళ్లో ఒకరి దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి ఆరు వేలు తెచ్చాడు. తనకు కావాల్సిన రకమే ఆరు ప్యాకెట్లు, 5,406 రూపాయలు. లాట్ నంబరు రాయించుకుని, బిల్లును, ఖాళీ ప్యాకెట్లను పాస్‌బుక్ ఉన్న కవర్లోనే దాచాడు. పత్తి అమ్మి అప్పు తీర్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. మిత్తి 960 అయింది, ఒక ప్యాకెట్ ధర కంటే 59 రూపాయలు ఎక్కువ.