అయ్యగారు ఏం తప్పు చేశారు?

మా పాస్టరేటుకు, అంటే ఒక పాస్టరు పరిధిలో ఉండే సంఘానికి, కొత్త అయ్యగారు (పాస్టరుగారు) వచ్చారు. పదకొండేళ్లు డయాసిస్ (బిషప్పుగారి పరిధి) ఆఫీసులో పనిచేసి, ఏసీ గదిలోంచి నేరుగా పాస్టరు ఉండే మా పార్సనేజిలో దిగారు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి సంఘంలో ఒకటే గుసగుస. ఇంతకీ ఏం తప్పు చేశారట?

అనుమానం రాక మానుతుందా మరి? ఆర్డినేషన్ పొందిన, అంటే గురువుగా నియమితుడైన మనిషి గుళ్లో వాక్యం చెప్పడం, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం, పెళ్లిళ్లు, భూస్థాపనలు చేయడం... వింటుంటేనే తెలియడం లేదూ, ఇదేదో శిక్షని? తప్పు చేయనివాళ్లు ఆఫీసులో ఉంటారు. వాళ్లకు కారు, డ్రైవరు, గుండ్రటి రబ్బరు స్టాంపు ఉంటాయి. స్వాగత సభలో దండ వేస్తూ మా ట్రెజరర్ ఆయన చెవిలో మెల్లగా అన్నాడు: "ధైర్యంగా ఉండండి అయ్యగారూ, మూడేళ్లు ఎంతలో తిరిగొస్తాయి!" సంఘంలోని ఆడవాళ్ల బృందం, స్త్రీల మైత్రి వాళ్లు అమ్మగారి చుట్టూ చేరి, పరామర్శకు వచ్చినట్టు కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. తర్వాత టీ ఇచ్చారు.

సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. మాది సిఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి కట్టిన ఉమ్మడి కాపురం ఇది. ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలో ఇవాళ మాకూ ఒక పీట ఉంది. నా లెక్క ప్రకారం ఈ కాపురానికి ఆంగ్లికన్లు బిషప్పుల్ని తెచ్చారు, మెథడిస్టులు పాటలు తెచ్చారు, మిగతావాళ్లు కమిటీలు తెచ్చారు. బిషప్పులు లెక్కగా ఉన్నారు, పాటలు కొంచెం తగ్గాయి, కమిటీలు మాత్రం పిల్లలు పెట్టాయి.

ఆఫీసు గొప్పదా, పాస్టరేటు గొప్పదా అన్న ఈ విషయంలో పెద్దలు ఒక తప్పుడు ఆదర్శం చూపించి పోయారని నా ఫిర్యాదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారినే తీసుకోండి. తిరునెల్వేలి వైపు వెళ్లాలన్‌విళై ఊరివాడు. వైఎంసీఏలో సెక్రటరీ ఉద్యోగం. దేశమంతా రైల్లో తిరగడం, మీటింగులు, ఉత్తరాలు, పెద్దవాళ్లతో పరిచయాలు. ఏం తక్కువైందని? అన్నీ వదిలేసి 1909లో ఆర్డినేషన్ తీసుకుని, నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. తమిళం మాట్లాడే మనిషి కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. ఎద్దుబండి మీద ఊళ్లు తిరిగారు. ఎవరూ బదిలీ చేయలేదు, మెమో ఇవ్వలేదు, ఎంక్వయిరీ లేదు. అసలు ఇలాంటి మనిషికి సర్వీసు రూల్స్ తెలుసా? 1912లో ఆయన్ని మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా చేయడంతో విషయం ఇంకా పాడైంది. ఊళ్లలో తిరిగితే పైకొస్తామన్న అపోహకు అప్పుడే బీజం పడింది. దాన్ని పోగొట్టడానికి మా డయాసిస్ ఎంత కష్టపడిందో లోపలివాళ్లకే తెలుసు.

ఇక మా అయ్యగారి దగ్గరికి వద్దాం. వచ్చిన నాలుగో రోజు పోస్ట్‌మ్యాన్ రిజిస్టర్డ్ కవరు తెచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, పాస్టరేటు సెక్రటరీ కూడా ఉన్నాడు. అయ్యగారు కవరు అంచు కత్తెరతో నీటుగా కత్తిరించి, ఉత్తరం తీసి, కళ్లజోడు పెట్టుకుని చదివారు. పాస్టరేట్లు డయాసిస్‌కు కట్టాల్సిన వాటా ఒకటుంది, దాన్ని అసెస్‌మెంట్ అంటారు. మాది రెండేళ్ల బకాయి. పదిహేను రోజుల్లో కట్టాలి, లేదా సంజాయిషీ ఇవ్వాలి. టైపు చేసిన పేరా కింద పెన్నుతో విడిగా ఒక వాక్యం రాసి ఉంది: "స్థానిక పరిస్థితులను కారణంగా చూపరాదు." దాని కింద సంతకం.

సంతకం ఆయనదే. ఆఫీసులో చివరి రోజు టేబులు ఖాళీ చేస్తూ పెట్టిన నలభై సంతకాల్లో ఒకటి.

ఆయన రెండోసారి చదివారు. "డ్రాఫ్టు బాగుంది" అన్నారు.

సెక్రటరీ గొంతు సవరించుకుని స్థానిక పరిస్థితులు చెప్పడం మొదలుపెట్టాడు. రెండేళ్లుగా పత్తి చేతికి రాలేదు. రిజిస్టర్లో ఉన్న కుటుంబాల్లో సగం హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనుల్లో, అపార్ట్‌మెంట్ల కింది గదుల్లో ఉన్నాయి. వాళ్ల కానుకలు అక్కడే పడుతున్నాయి, పేర్లు మాత్రం ఇక్కడే ఉన్నాయి. డయాసిస్ పేర్లను బట్టి లెక్క కడుతుంది. అయ్యగారు అంతా విన్నారు. తెల్లకాగితం తీసి, తారీకు వేసి, 'విషయం' అని రాసి గీత గీశారు. మొదటి వాక్యం నాకు తలకిందులుగానే కనిపించింది: "స్థానిక పరిస్థితుల దృష్ట్యా..."

కోతకాల పండుగ గురించి ఎక్కువ చెప్పను. కానుకగా వచ్చిన నాటుకోడిని వేలం వేస్తుంటే "మూడు కొటేషన్లు వచ్చాయా?" అని అడిగారని ఊళ్లో ప్రచారంలో ఉంది. నేను ఆ రోజు వినలేదు. కోడి మాత్రం మంచి రేటుకే పోయింది.

కానీ ఒక్క విషయంలో ఆయన ఆఫీసు చదువు అక్కరకొచ్చింది. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు సంస్కార ఆరాధనలో మాకు 'సమాధానం', అంటే శాంతి, ఇచ్చుకునే ఘట్టం ఉంది. 1950లో వచ్చిన మా ఆరాధన క్రమంలోనే పెట్టారు. బల్ల దగ్గర అయ్యగారి నుంచి మొదలై, రెండు చేతుల మధ్య చేతులుంచి ఒకరి నుంచి ఒకరికి, వరస నుంచి వరసకు అలా వెనక్కి వెళుతుంది. మా గుళ్లో అది మగవాళ్ల వైపు నాలుగో బెంచీలో ఆగిపోతుంది. అక్కడ అన్నదమ్ములిద్దరు కూర్చుంటారు. మధ్యలో జానెడు ఖాళీ, పొలం గట్టు తగాదా. అన్న దాకా వచ్చిన సమాధానం తమ్ముడి దాకా పోదు. వెనక బెంచీల వాళ్లకు సమాధానం అందక ఏళ్లయింది. దానికి అలవాటు పడిపోయి, ఆ టైములో పాటల పుస్తకం తిరగేస్తుంటారు.

ఇంతకుముందు వచ్చిన అయ్యగార్లు మంచి ప్రసంగీకులు. ఎవరికీ ఇది కనిపించలేదు. ఫైలు ఎక్కడ ఆగిందో పట్టుకోవడం పదకొండేళ్లు వృత్తిగా చేసిన మనిషి మొదటి ఆదివారమే పట్టేశారు. బల్ల దగ్గర నుంచి దిగి, అంగీ కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని నాలుగో బెంచీ దాకా నడిచి వెళ్లి, ఆ జానెడు ఖాళీలో ఇరుక్కుని కూర్చున్నారు. అన్న దగ్గర తీసుకుని తమ్ముడికి ఇచ్చారు. డెస్పాచ్ అయింది! అన్నదమ్ములు కలిసిపోయారా అంటే, లేదు. కేసు కోర్టులోనే ఉంది. కానీ వెనక బెంచీలకు ఇప్పుడు వారం వారం అందుతోంది.

ఇంకో రాత్రి ఒంటిగంటన్నరకు తలుపు కొట్టారు. మంచంలో ఉన్న పెద్దాయనకు సంస్కారం ఇవ్వాలి. ఆఫీసు మనిషి కదా, రేపు లెటరు రాసి పంపమంటారేమో అని వచ్చిన కుర్రాడు భయపడ్డాడట. ఆయన చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకునే బండెక్కారు. పెద్దాయన రొట్టె ముక్క చప్పరిస్తూ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు. తెల్లవారుజాము దాకా కూర్చున్నారు. అజెండా లేదు, తీర్మానం లేదు, మినిట్సు లేవు, టీఏ, డీఏ లేవు. ఇలాంటి మీటింగు ఆయన సర్వీసులో మొదటిదని నా నమ్మకం. పొద్దున్న ఆ ఇంటివాళ్లు ఇచ్చిన చెంబెడు పాలు రసీదు లేకుండా తీసుకున్నారు. మనిషి చెడిపోతున్నాడని అప్పుడే అనుకున్నాను.

మొన్న ఒక కబురు వచ్చింది. ఆఫీసులో ఫైళ్లు అడ్డదిడ్డంగా ఉన్నాయట, ఆయన్ని వెనక్కి పిలుస్తారట. తప్పు చేశాడని జాలిపడిన సంఘమే ఇప్పుడు పంపడానికి వీల్లేదంది. సెక్రటరీ నూట ఇరవై సంతకాలతో వినతిపత్రం తయారు చేసి, ఒకసారి చూసిపెట్టమని ఆయన దగ్గరికే తెచ్చాడు. ఆ సాయంత్రం వాన. పార్సనేజి ముందు గదిలో రెండు బకెట్లు, ఒక ఇత్తడి గిన్నె పెట్టి ఉన్నాయి. గిన్నె నిండితే అమ్మగారు వచ్చి మార్చి వెళుతున్నారు.

అయ్యగారు వినతిపత్రం చదివి మడిచి ఇచ్చేశారు.

"పోస్టులో వేయొద్దండీ. ఇలాంటివి బీరువా పక్కనున్న టేబులు మూడో సొరుగులోకి వెళతాయి. మళ్లీ బయటికి రావు."

"మీకెలా తెలుసు అయ్యగారూ?"

"నేనే పెట్టేవాణ్ణి. నేను వచ్చేసేటప్పటికి పధ్నాలుగు ఉన్నాయి."

సెక్రటరీ కాసేపు గిన్నెలో పడుతున్న చుక్కల్ని చూశాడు.

"ఆ పధ్నాలుగులో మా పాస్టరేటువి ఏమైనా ఉన్నాయా అండీ?"

"రెండున్నాయి," అన్నారు అయ్యగారు, కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంటూ. "రెండూ ఈ పైకప్పు గురించే."