కయ్యకు జింకు వేస్తాం, బిడ్డకు వెయ్యం

మా నాయనకు వరి ఆకు మీద ఇటుక రంగు మచ్చ కనబడితే ఆ రాత్రి నిద్ర ఉండదు. పోయిన వారం కోవూరు దగ్గర మా కయ్యకు నన్నూ లాక్కెళ్లాడు. పైనుంచి మూడో ఆకు తుంచి వేళ్ల మధ్య మడిస్తే టప్‌మని విరిగింది. "జింకు చాల్లేదురా" అన్నాడు. లీటరు నీళ్లకు 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి అయిదేసి రోజులకు ఒకసారి కొట్టాలట. డీఏపీ ఎరువుతో కలిపి వేస్తే పనిచేయదట. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి! ఆ మచ్చలు పురుగో తెగులో కాదు, జింకు లోపమని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వై.ఎల్. నెనే అనే శాస్త్రవేత్త తేల్చింది మా ఎరువుల కొట్టు దాకా వచ్చేసింది మరి.

అదే రోజు సాయంత్రం మా పాపకు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. జింకు సిరప్ వేద్దామంటే ఈ పెద్దమనిషే "అది పొలాల మందు కదరా" అన్నాడు.

ఆయన్ని అని ఏం లాభం? ఊళ్లో క్లినిక్‌లో రాసిచ్చిన చీటీలో యాంటీబయాటిక్ ఉంది, వాంతుల మందు ఉంది, ఏదో పొడి ఉంది. ఓఆర్ఎస్ లేదు, జింకు లేదు. అడిగితే, నెట్‌లో చదివొచ్చావా అన్నట్టు చూశారు. చదివే వచ్చా సార్. డబ్ల్యూహెచ్‌వో, యూనిసెఫ్ 2004లోనే చెప్పాయి: ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆ లోపు వాళ్లకు 10, పది నుంచి పద్నాలుగు రోజులు. విరేచనాలు తగ్గాక కూడా వెయ్యాలి. ఎందుకంటే తర్వాతి రెండు మూడు నెలలు మళ్లీ పట్టుకోకుండా కాసేది అదే. 2020లో వచ్చిన ఓ అధ్యయనంలో ఢిల్లీలో, టాంజానియాలో 4,500 మంది పిల్లల మీద చూస్తే 5, 10 మిల్లీగ్రాములు కూడా 20కి తీసిపోలేదు, వాంతులూ తగ్గాయి. మొదటి రోజు పాప సిరప్ కక్కేసిన చొక్కా ఉతుకుతూ ఆ పరిశోధకులకు దండం పెట్టుకున్నా.

రక్తం పడితేనో కలరా అయితేనో యాంటీబయాటిక్ కావాలి, కాదనను. పసిపిల్లల్లో వట్టి నీళ్ల విరేచనాలు చాలావరకు వైరస్ పని. రోటా అనే వైరస్‌కి టీకా చుక్కలు మన రాష్ట్రంలో 2016 నుంచీ వేస్తున్నది అందుకే. వైరస్‌కి యాంటీబయాటిక్ పోస్తే లోపలున్న బ్యాక్టీరియా రాటుదేలుతుంది, అంతే. తమాషా ఏంటంటే, అలా రాటుదేలిన కొన్ని బ్యాక్టీరియాలో పెద్ద పెద్ద యాంటీబయాటిక్స్‌ని ముక్కలు చేసే ఎన్‌డీఎం అనే ఎంజైమ్‌కి కత్తి జింకే. దాన్నుంచి ఆ జింకు లాగేసే మందు కోసం కెమిస్టులు తల బద్దలు కొట్టుకుంటున్నారు. మనం ఇక్కడ అక్కర్లేని యాంటీబయాటిక్స్ పోసి అలాంటి బ్యాక్టీరియాని పెంచి పోషిస్తున్నాం.

అలాగని కరోనాలో మింగినట్టు పెద్దవాళ్లంతా జింకు బిళ్లలు మింగమని కాదు నేననేది. మితిమీరితే ఒంట్లో రాగి పడిపోతుంది. కట్టుడుపళ్ల జిగురులో ఒకప్పుడు జింకు ఉండేది. ఏళ్ల తరబడి ట్యూబులకు ట్యూబులు పూసుకున్న కొందరికి నరాలు దెబ్బతిని నడక తడబడింది. 2010లో ఓ పెద్ద కంపెనీ ఆ జింకు తీసేసింది కూడా.

మూడో రోజుకి పాప తేరుకుంది. "ఇంక ఆపేద్దాంలే" అన్నాడు నాయన. "కయ్యకు ఒక్కసారి కొట్టి ఊరుకుంటావా?" అన్నా. బదులు చెప్పలేదు. పొద్దున చూస్తే క్యాలెండర్‌లో స్ప్రే తేదీల కింద పాప మందుకు ఏడు గీతలు గీసి ఉన్నాయి.