రాసినవాడు వద్దన్నాక వచ్చే కామిక్స్

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో కామిక్స్ కొని చదివేవాళ్లు తక్కువే. ఉన్నవాళ్లు మాత్రం గట్టిగా చదువుతారు, అంతకన్నా గట్టిగా వాదించుకుంటారు. చాయ్ చల్లారినా తెగని వాదన ఒకటుంది. 'వాచ్‌మెన్' అనే సూపర్‌హీరోల కామిక్ రాసిన అలన్ మూర్ వద్దంటే వద్దన్నా, అమెరికా సంస్థ డీసీ కామిక్స్ దానికి ముందుకథలు, తరువాయి కథలు తెచ్చింది. వాటిని కొనొచ్చా? "హక్కులు కంపెనీవైనప్పుడు ఇంకేం లొల్లి?" అంటారు కొందరు. "పెద్దాయన వద్దన్నాక ముట్టుకోవడమే తప్పు" అంటారు ఇంకొందరు. మూడో మాట మన ఓరుగల్లు దిక్కునే వినిపిస్తుంది: "చేర్యాల పటాలు తరతరాలుగా ఎవరెవరో గీస్తలేరా? దానికి ఎవలను అడిగిన్రు?"

గుడ్డ మీద కథలు గీసే చేర్యాల పటాలను చూపించే ఈ మూడో మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. అయితే దాని దగ్గరికి వెళ్లే ముందు అసలు తగాదా ఎక్కడ మొదలైందో చూడాలి. చాలామంది ఒప్పందం సంగతి తెలియకుండానే పక్షం ఎంచుకుంటున్నారు.

'వాచ్‌మెన్' 1986, 87లలో 12 సంచికలుగా వచ్చింది. రచన మూర్, బొమ్మలు డేవ్ గిబ్బన్స్, రంగులు జాన్ హిగ్గిన్స్. పుస్తకం అచ్చులో లేకుండా ఏడాది గడిస్తే హక్కులు రచయితకు, చిత్రకారుడికి తిరిగి వస్తాయని ఒప్పందంలో ఉంది. ఆ రోజుల్లో అది మంచి షరతే. కామిక్ అంటే నెల తిరగ్గానే దుకాణం నుంచి మాయమయ్యే పలచటి సంచిక. ఒక కథ ఏళ్ల తరబడి అచ్చులో నిలవడం అరుదు. కానీ 1987లో 12 సంచికలనూ కలిపి ఒకే పుస్తకంగా వేశారు. అది అప్పటి నుంచి అచ్చులో లేకుండా పోయిందే లేదు. కంపెనీ ఒప్పందంలో ఒక్క అక్షరం మీరలేదు. హక్కులు మాత్రం తిరిగి రాలేదు. మూర్ కోపానికి మూలం ఇదే. ఆయన డబ్బుల కోసం పేచీ పెడుతున్నాడనేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. ముందుకథలకు, తరువాయి కథలకు ఒప్పుకుంటే హక్కులు తిరిగి ఇస్తామని 2010లో కబురు వచ్చిందని, తాను కాదన్నానని ఆయనే చెప్పాడు. 2012లో 'బిఫోర్ వాచ్‌మెన్' పేరుతో ముందుకథలు వచ్చాయి. 2017 నుంచి 2019 దాకా తరువాయి కథ 'డూమ్స్‌డే క్లాక్' 12 సంచికలుగా వచ్చింది. 2019లోనే టీవీ సీరీస్ కూడా వచ్చింది.

మూర్ పక్షం వాళ్లు దాటవేసే నిజం ఒకటుంది. 'మూలకర్త' అంటే ఇక్కడ ఒక్క మనిషి కాదు. ముందుకథలు ప్రకటించినప్పుడు గిబ్బన్స్ వాటికి శుభాకాంక్షలు చెప్పాడు. మూల పుస్తకానికి ఎడిటర్‌గా ఉన్న లెన్ వీన్ ఒక ముందుకథ రాశాడు. రంగులు వేసిన హిగ్గిన్స్ కూడా పనిచేశాడు. కామిక్‌లో బొమ్మ గీసినవాడు రచయితకు కూలీ కాదు, సగం కర్త. కాబట్టి ఈ కొత్త కథలకు దీవెన బొత్తిగా లేదనడం సరికాదు. సగం దీవెన ఉంది. కానీ ఇద్దరు కలిసి కట్టిన ఇంట్లో ఒకరు సరే అన్నంత మాత్రాన రెండోవాడి 'వద్దు' చెల్లకుండా పోతుందా? పోదని నా అభిప్రాయం.

ఎదుటి పక్షానికి ఇంకో బాణం ఉంది. మూర్ కూడా పరాయి పాత్రలతోనే మొదలుపెట్టాడు కదా అంటారు. అది నిజమే. డీసీ 1983లో చార్ల్‌టన్ అనే చిన్న సంస్థ హీరోలను కొన్నది. మూర్ తొలి ప్రతిపాదన ఆ హీరోలతోనే. ఆ కథలో వాడితే ఆ పాత్రలు మళ్లీ ఇంకెందుకూ పనికిరాకుండా పోతాయని ఎడిటర్ డిక్ జోర్డానో కొత్త పాత్రలు సృష్టించుకోమన్నాడు. అలా 'క్వశ్చన్' రోర్షాక్ అయ్యాడు, 'కెప్టెన్ ఆటమ్' డాక్టర్ మన్‌హాటన్ అయ్యాడు, 'బ్లూ బీటిల్' నైట్ ఔల్ అయ్యాడు. ఆ పని చేయించింది మూర్ మంచితనం కాదు, ఎడిటర్ ముందుచూపు. అది ఒప్పుకుందాం. అయినా దారి అదే: మూలం కనిపించనీ, పేరు, ఆకారం, లోకం మాత్రం నీవి కానీ.

చట్టం, గౌరవం పక్కన పెట్టి పనితనం చూసినా ఈ తరువాయి కథలు ఎక్కడ దెబ్బతింటాయో కనిపిస్తుంది. 'వాచ్‌మెన్' పేజీ ఎక్కువగా 9 గళ్ల పేజీ, అడ్డంగా మూడు, నిలువుగా మూడు. అన్ని గళ్లూ ఒకే కొలత కావడంతో చదువరికి కాలం గడియారం టిక్కుమన్నట్టు సమంగా నడుస్తుంది. అందుకే రెండు గళ్లు కలిపి ఒకటి చేసినప్పుడల్లా గుండె ఆగినట్టనిపిస్తుంది. ప్రతి సంచిక అట్టబొమ్మే కథలో మొదటి గడి. 'డూమ్స్‌డే క్లాక్' ఆ 9 గళ్లను తెచ్చుకుంది. గళ్లు తెచ్చుకోవడం సులువు, వాటిని ఎప్పుడు విరవాలో తెలియడమే కష్టం. ముందుకథల ఇబ్బంది వేరు. మూల పుస్తకం కొన్ని ఖాళీలను కావాలనే వదిలింది. కమెడియన్ అనే పాత్ర గతాన్ని ఒక్కొక్కరి జ్ఞాపకం నుంచి ముక్కలుగా చూపించి, మిగతాది మనకు విడిచిపెట్టింది. ఆ ఖాళీని ఇంకొకరు వచ్చి పూడిస్తే కథ పెరగదు, చదువరి చేసుకున్న పని చెరిగిపోతుంది. డార్విన్ కుక్ గీసిన 'మినిట్‌మెన్' లాంటి ముందుకథలు బొమ్మగా అందంగా ఉన్నాయి, కాదనను. అందంగా ఉన్నంత మాత్రాన అవి అవసరం అయిపోవు.

అన్ని పాత్రలనూ ఒకే గాటన కట్టలేం. సూపర్‌మ్యాన్ నెలనెలా సాగడానికే పుట్టినవాడు. అక్కడ తప్పు కథ సాగడం కాదు. 1938లో అతన్ని సృష్టించిన సీగెల్, షుస్టర్‌ల చేతిలో 130 డాలర్లు పెట్టి హక్కులన్నీ రాయించుకోవడం తప్పు. ఫ్రెంచ్ కామిక్ ఆస్టెరిక్స్ సంగతి ఇంకోలా ఉంది. దాని బొమ్మలు గీసిన యుడెర్జో మొదట అది తనతోనే ఆగాలన్నాడు, తర్వాత మనసు మార్చుకున్నాడు, 2013లో ఆయన బతికుండగానే కొత్త జట్టు ఆల్బమ్ తెచ్చింది. దాన్ని బాగుందనో బాగోలేదనో అనొచ్చు, అన్యాయమనడానికి లేదు. టిన్‌టిన్‌ను తన తర్వాత ఎవరూ గీయొద్దని దాన్ని సృష్టించిన హెర్జే అన్నాడు. ఆయన 1983లో పోయాక అసంపూర్తి ఆల్బమ్‌ను చిత్తు గీతలతోనే వేశారు తప్ప పూర్తి చేయించలేదు.

ఇంకా పనికొచ్చే ఉదాహరణ బెల్జియంలోని గాస్టన్ అనే కామిక్ పాత్ర. దాన్ని గీసిన ఆంద్రె ఫ్రాంకిన్ 1992లో హక్కులు అమ్మాడు, 1997లో చనిపోయాడు. తన తర్వాత గాస్టన్‌ను ఎవరూ గీయకూడదని ఆయన బతికుండగా చెప్పాడు. 2022లో డ్యుప్యుయి అనే ప్రచురణ సంస్థ దెలాఫ్ అనే చిత్రకారుడితో కొత్త ఆల్బమ్ ప్రకటించగానే ఫ్రాంకిన్ కూతురు ఇజబెల్ అడ్డుపడింది. తగాదా మధ్యవర్తి దాకా వెళ్లింది. కొత్త ఆల్బమ్ వేసే హక్కు సంస్థకు ఉందని, అయితే కూతురికి ముందుగా చెప్పకుండా ముందుకెళ్లడం తప్పని 2023లో తీర్పు వచ్చింది. ఆ నవంబర్‌లో పుస్తకం వచ్చింది. హక్కు, ఒప్పుకోలు అనే రెండు మాటలను ఒక తీర్పు ఇంత విడదీసి చూపించడం అరుదు.

మన దేశంలో కేరళ కేసు అభిమానులకు తెలియాలి. 'బోబనుం మోళియుం' కార్టూన్ గీసిన వి.టి. థామస్, అందరూ టామ్స్ అని పిలిచేవారు, మలయాళ మనోరమలో ఉద్యోగం మానేసి అవే పాత్రలను వేరే పత్రికలో గీయబోతే సంస్థ కోర్టుకెక్కింది. ఉద్యోగంలో చేరకముందే ఆ పాత్రలు ఆయన చేతిలో పుట్టాయి. ఉద్యోగంలో ఉండగా గీసినవాటి సంగతి ఏదైనా, బయటికొచ్చాక కొత్తగా గీయకుండా ఆయన్ను ఆపలేరని కేరళ హైకోర్టు తేల్చింది. పాత్ర గీసే చేతిదా, జీతమిచ్చే జేబుదా అన్న ప్రశ్నకు మన దగ్గర ఇంత సూటిగా జవాబిచ్చిన తీర్పు ఇదే.

ఇక చేర్యాల. పాత వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేటలో చేరిన ఈ ఊరి నకాషీ పటం నిజానికి మన మొదటి కామిక్. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పూతలు పూస్తారు. ఎర్రటి నేల మీద గళ్లు గళ్లుగా కథ కిందికి దిగుతుంది, గడికీ గడికీ మధ్య పూల అంచు ఉంటుంది. పటం మూడడుగుల వెడల్పు ఉంటే పొడవు 40 అడుగులు దాటుతుంది. మార్కండేయ పురాణాన్ని పద్మశాలీలకు కూనపులివాళ్లు చెబుతారు, జాంబ పురాణాన్ని మాదిగలకు డక్కలివాళ్లు చెబుతారు. పటం పాతబడితే కొత్తది గీయిస్తారు. అంటే గీసే చేయి తరానికోసారి మారుతుంది.

మరి అక్కడ దీవెన లేదా? ఉంది, అదే అసలు కీలకం. నకాషీ చిత్రకారుడు తనంతట తాను మార్కండేయుడికి కొత్త అధ్యాయం గీయడు. పటం గీయించేది కథ చెప్పేవాళ్లు. ఏ ఘట్టం తర్వాత ఏది, ఏది పెద్ద గడి, ఏది చిన్నది అన్నది వాళ్లు చెబుతారు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో చెప్పాలన్నది మిరాశీ, అంటే వంశపారంపర్యంగా వచ్చే హక్కు. ఆ కథ ఎవరి పుట్టుక గురించో ఆ కులం ముందే పటం విప్పాలి. తేడా వస్తే అక్కడికక్కడే నిలదీస్తారు. ఒక్క రచయిత లేడు కాబట్టి అడిగే పనే లేదనుకోవడం పొరపాటు. రచయిత ఒక్కడు కానప్పుడు అడగాల్సిన మనుషులు పెరుగుతారు. చేర్యాలను చూపించి కంపెనీని సమర్థించేవాళ్లు తమకు తెలియకుండానే ఎదుటి పక్షానికి సాక్ష్యం చెబుతున్నారు.

మన దగ్గర కామిక్స్ గీయడం మొదలుపెడుతున్న కుర్రవాళ్లకు, అమ్మాయిలకు ఇదంతా వాదనగా మిగలకూడదు. కాపీరైట్ చట్టం, 1957లో వాళ్లకు ఉపయోగపడేవి చాలా ఉన్నాయి. పత్రికలో ఉద్యోగిగా గీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికలో ప్రచురించే హక్కే యజమానిది. పుస్తకం, మిగతావన్నీ గీసినవాళ్లవే, సెక్షన్ 17 ప్రకారం. యానిమేషన్ స్టూడియో లాంటి చోట జీతానికి గీస్తే మాత్రం మామూలుగా అంతా యజమానిదే. ఈ తేడా తెలియక చాలామంది మోసపోతారు. హక్కు బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే 5 ఏళ్లే, ఎక్కడెక్కడో రాయకపోతే భారత్‌లోనే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా వాడకపోతే, కాగితంలో వేరే మాట లేనప్పుడు, ఆ హక్కు వెనక్కి వస్తుంది. కాబట్టి 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అన్న రెండు మాటలు కనిపిస్తే సంతకం ముందు ఆగాలి.

'వాచ్‌మెన్' ఒప్పందం నేర్పేది ఇంకా నిర్దిష్టం. 'అచ్చులో లేకపోతే' అని రాసుకోవద్దు. ఏడాదికి ఇన్ని కాపీలకన్నా తక్కువ అమ్మితే హక్కు వెనక్కి అని అంకె రాసుకోవాలి, ఈ-బుక్ ఉంటే అచ్చులో ఉన్నట్టు కాదని కూడా రాసుకోవాలి. తరువాయి కథలకు విడిగా ఒక పేరా ఉండాలి: రాసినవాళ్లు, గీసినవాళ్లు ఇద్దరి లిఖితపూర్వక అంగీకారం, ఇద్దరి తదనంతరం ఎవరి మాట చెల్లుతుందో ఒక్కొక్క పేరు. ఇంటిల్లిపాదికీ అని రాస్తే ఆ తర్వాత జరిగేది కోర్టు పక్షి బతుకే. సెక్షన్ 57 కింద హక్కులు అమ్మేశాక కూడా పేరు చెప్పుకునే హక్కు, తన పరువు పోయేలా రచనను మారిస్తే అడ్డుకునే హక్కు ఉంటాయి. అంతమాత్రాన ఆ సెక్షన్ ప్రతి తరువాయి కథనూ ఆపుతుందనుకోవద్దు. పరువుకు నష్టం జరిగిందని చూపించగలగాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ ఫారం 14 నింపి, ఒక్కో రచనకు 500 రూపాయలు కట్టి చేయించుకుంటే తేదీకి సాక్ష్యం ఉంటుంది. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. చిత్తుప్రతులు, తొలి గీతలు పారేయొద్దు. టామ్స్‌ను కాపాడింది పాత్రలు ముందే పుట్టాయన్న సంగతే.

అభిమానంతో గీసే కామిక్‌కూ ఇదే వర్తిస్తుంది. ఉచితంగా పంచినా, ఇతరుల పాత్రను తీసుకుని కొత్త కథ గీయడానికి చట్టంలో 'అభిమానం' అనే మినహాయింపు లేదు. సొంతంగా చదువుకోవడానికి, విమర్శకు, సమీక్షకు వాడుకునే వీలు మాత్రం ఉంది. పేరొక్కటే మారిస్తే సరిపోతుందనేదీ భ్రమే. 'నాగరాజ్' హిందీ కామిక్స్ ఉండగా 'నాగేశ్' అని ఇంకొకరు తెస్తే ఢిల్లీ హైకోర్టు 1990ల్లో ఆపింది. పేరు, వేషం, పుట్టుక, శక్తి నాలుగూ మారితేనే అది మీ పాత్ర.

తెలుగులో ఈ ప్రశ్న చందమామ దగ్గర మన గుమ్మం ఎక్కుతుంది. 'తోకచుక్క' మొదలు ఎన్నో సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు పత్రికలో ఉండేది కాదు. చిత్రకారుడు చిత్ర గారి బొమ్మలే ఆ కథలకు ముఖం. పేరు లేకుండా అచ్చయిన రచనకు చట్టం అచ్చయినప్పటి నుంచి 60 ఏళ్లు లెక్కపెడుతుంది, ఈలోగా పేరు చట్టబద్ధంగా వెల్లడైతే మరణం నుంచి 60 ఏళ్లు. పేరు వేయకపోవడం చిన్న విషయం కాదని చెప్పడానికి ఈ లెక్క చాలు. రేపు ఎవరైనా ఆ కథలకు తరువాయి గీస్తానంటే నేను వద్దనను. ముందు హక్కుదారు ఎవరో వెతికి ఉత్తరం రాయాలి. దాసరి గారి తరఫు, చిత్ర గారి తరఫు వాళ్లను అడగాలి. ఎవరైనా కాదంటే ఆ కాగితాలు బీరువాలో పెట్టాలి. అవునంటే, ఆ రెండు పేర్లనూ తమ పేరుకన్నా పైన, అదే సైజు అక్షరాల్లో అట్ట మీద వేయాలి.