చెవులయ్యే కుక్కకు మన ఊళ్లో చోటేది?

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని వీధి కుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. సరిగ్గా ఏడాదికి మా పాలమూరు జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో ఇరవై దాకా కుక్కల్ని రాత్రిపూట తుపాకీతో కాల్చి చంపారు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆసుపత్రులు, బడుల ఆవరణల నుంచి వీధి కుక్కల్ని తరలించాలన్నది. ఈ గొడవంతా పాఠకులకు తెలిసిందే. మన దగ్గర కుక్క గురించి వినబడేవి రెండే మాటలు. పట్టి పంపేయండి, లేదంటే అన్నం పెట్టి వదిలేయండి. మూడో మాట ఒకటుంది. పెంచండి, నేర్పండి, చెవులు వినబడని మనిషికి తోడుగా ఇవ్వండి.

అలా నేర్పిన కుక్కను వినికిడి కుక్క అంటారు. అది మొరిగి హెచ్చరించదు. మొరిగితే వినేదెవరు? అది తాకుతుంది. తలుపు చప్పుడైతే వచ్చి మోకాలిని ముక్కుతో పొడుస్తుంది, లేదా ముందుకాలు ఎత్తి తొడమీద వేస్తుంది. ‘ఏంటి?’ అని చేత్తో సైగ చేస్తే చప్పుడు వచ్చిన చోటికి తీసుకుపోతుంది. పొగ అలారం మోగినప్పుడు మాత్రం అటు తీసుకుపోదు. తాకి, అక్కడే నేలమీద పడుకుంటుంది. ఇది ప్రమాదమని దాని భాషలో అర్థం. బ్రిటన్‌లో 1982 నుంచి ‘హియరింగ్ డాగ్స్ ఫర్ డెఫ్ పీపుల్’ సంస్థ ఈ పనిలో ఉంది. అక్కడ ఈ కుక్కపిల్లలు పెరిగేది మామూలు ఇళ్లలో. ఎనిమిది వారాల పిల్లను వాలంటీరుకు అప్పగిస్తారు. పైసా జీతం లేకుండా ఆ ఇంటివాళ్లు ఏడాదికి పైగా దాన్ని పెంచి, బజారుకు, రైలుకు, హోటలుకు తిప్పి, జనానికీ రొదకూ అలవాటు చేసి వెనక్కి ఇస్తారు. నన్ను పట్టి కుదిపింది ఈ వాలంటీర్ల సంగతే. ఎందుకో చెప్పాలంటే మా మేనత్త గురించి చెప్పాలి.

అత్త మిర్యాలగూడలో రైస్‌మిల్లు పనికి పోయేది. యాభై దాటేసరికి రెండు చెవులూ పోయాయి. ఏళ్ల తరబడి పడిన రొద లోపలి చెవిలోని సన్నటి కణాలను చంపేస్తుంది, అవి మళ్లీ పుట్టవు. చెవి మిషను పెట్టుకుంటే మనుషుల మాటకన్నా ఫ్యాను రొదే పెద్దగా వస్తోందని దాన్ని డబ్బాలో పెట్టేసింది. వానకు తడుస్తున్న ఒక వీధి కుక్కపిల్లను తెచ్చి పెంచుకుంది. పేరు నల్లోడు. ఒకరోజు పాలాయన వాకిట్లో నిలబడి కేకలేస్తుంటే వాడు తలుపు దగ్గరికీ ఆమె దగ్గరికీ నాలుగుసార్లు తిరిగి, చివరికి చీరకొంగు పట్టి గుంజాడు. ఆమె పోయి చూసి, వెనక్కొచ్చి, జొన్నరొట్టె ముక్క తుంచి వాడికి పెట్టింది. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి వాడికి లెక్క తెలిసిపోయింది. చప్పుడైతే కొంగు పట్టాలి, కొంగు పడితే రొట్టె దొరుకుతుంది.

నేను పోయినప్పుడు కళ్లారా చూశాను. అత్త పెరట్లో చింతపండు గింజలు తీస్తోంది. వంటింట్లో కుక్కరు మూడో విజిల్ వేసింది. నల్లోడు చెవులు రెండూ నిక్కబొడిచి, నా వైపు చూడనైనా చూడకుండా నేరుగా ఆమె దగ్గరికి పోయి మోచేతిని ముక్కుతో నెట్టాడు. విజిల్ నాకు వినబడిందని, ఆమెకు వినబడలేదని వాడికి తెలుసనిపించింది. బ్రిటన్ శిక్షకుల పద్ధతికీ అత్త రొట్టెముక్కకూ మూలం ఒకటే. చప్పుడు విని మనిషిని తాకితే తిండి. వాళ్లు దాన్ని వరస పెట్టి, నెలలు వెచ్చించి ఒక్కో చప్పుడూ నేర్పుతారు, అంతే తేడా.

అందుకే ఈ పనికి జాతి కుక్కలే కావాలన్న మాట నేను ఒప్పుకోను. అమెరికాలోని ఆరెగాన్‌లో 1977లో పుట్టిన ‘డాగ్స్ ఫర్ ది డెఫ్’ ఏళ్ల తరబడి జంతు ఆశ్రయాల్లో దిక్కులేక పడివున్న కుక్కలకే ఈ విద్య నేర్పింది. మన వీధి కుక్క ఎండకు తట్టుకుంటుంది, పెట్టింది తింటుంది. కావలసిందల్లా సరైన వయసులో ఒక ఇల్లు. మూడు వారాల నుంచి మూడు నెలల లోపు కుక్కపిల్ల ఏం చూస్తే, ఏం వింటే పెద్దయ్యాక దానికి చాలావరకు బెదరదు. ఈ సంగతి మా పాలమూరు కురుమలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కళ్లు తెరిచిన పిల్లను గొర్రెల మధ్య పెంచితేనే అది మందకు కాపలా అవుతుందని వాళ్లకు తాతల నాటి నుంచి తెలుసు. అదే పిల్లను నల్గొండ క్లాక్ టవర్ సెంటర్లో ఆటోల హారన్ల మధ్య, మహబూబ్‌నగర్ బస్టాండులో మైకు కింద, కూరగాయల సంతలో కాళ్ల మధ్య రోజుకు అరగంట తిప్పితే? ఇంట్లో తీరిక, ఓపిక ఉన్న రిటైర్డ్ టీచర్లు మన ఊళ్లలో ఎందరు లేరు? పొదుపు సంఘాల అక్కలు, డిగ్రీ కాలేజీ పిల్లలు? కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, వేళకు తిండి, రోజూ కొంత నడక, చేతి సైగతో కూర్చోవడం, ఆగడం, రావడం. తొలి ఏడాదికి ఇంతకన్నా పెద్ద చదువు లేదు. చప్పుళ్ల పాఠం ఆ తర్వాత, తెలిసినవాళ్ల చేతిలో.

మనుషులకే దిక్కులేని చోట కుక్కలకు ట్రైనింగా అంటారు. ఫోన్లోనే చప్పుడును పసిగట్టి వణికే సదుపాయం వచ్చింది కదా అంటారు. కరిస్తే ఎవరిది పూచీ అంటారు. చివరి ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు టీకా, తాడు, శిక్షణ, తేడా కనబడిన కుక్కపిల్లను మొహమాటం లేకుండా ఈ పని నుంచి తప్పించడం. ఫోను విషయానికొస్తే, మంచిదే, వాడండి. కానీ చార్జింగ్ అయిపోయిన ఫోను అర్ధరాత్రి మంచమెక్కి ఎవర్నీ లేపదు. పైగా ఫోను చేయలేని పని ఇంకొకటుంది.

చెవుడు కంటికి కనబడదు. తెల్లకర్రను చూస్తే జనం పక్కకు జరుగుతారు, చక్రాల కుర్చీకి దారిస్తారు. వినబడని మనిషిని వెనకనుంచి పిలిచి, పలకలేదని పొగరు అంటారు. 2011 జనగణనలో వినికిడి లోపం ఉన్నవాళ్లు దేశంలో 50 లక్షలు దాటారు. వీధిలో మనకు వాళ్లలో ఒక్కరైనా ఆనరు. వైకల్య నిర్ధారణ క్యాంపులో ఇచ్చే సర్టిఫికెట్టు బీరువాలో ఉంటుంది, నెలకు 4,016 రూపాయల పింఛను బ్యాంకులో పడుతుంది. బస్సులో పక్కన కూర్చున్నవాడికి ఈ రెండూ తెలియవు. మెడకు తాడుతో, ఒంటిమీద జాకెట్టుతో పక్కన నిలబడ్డ కుక్క ఆ సంగతి నోరు విప్పకుండా చెబుతుంది. దాన్ని చూసిన కండక్టరు మొహం ఎదురుగా పెట్టి, పెదాలు కనబడేలా మాట్లాడతాడు.

అసలు మన వ్యవస్థ మొత్తం చెవికి మాత్రమే పనిచేస్తుంది. ఊళ్లో సంగతి చెప్పాలంటే చాటింపు. బస్సు వచ్చిందంటే మైకు. రేషను షాపులో, బ్యాంకులో, ఆసుపత్రిలో పేరు పెట్టి పిలుపు. అత్తను ఒకసారి ఒక పెద్దాసుపత్రికి పంపాం. పొద్దున ఎనిమిదికి చీటీ రాయించుకుని బల్లమీద కూర్చుంది. పేరు మూడుసార్లు పిలిచారట. మధ్యాహ్నం ఓపీ మూసి, గది కడగడానికి వచ్చిన ఆయమ్మ లేపితే గాని తన వంతు ఎప్పుడో పోయిందని ఆమెకు తెలియలేదు. ‘చెవిటోని ముందర శంఖం ఊదినట్టు’ అని మనమంతా అలవోకగా అంటాం. ఆ సామెతలో తప్పంతా వినబడనివాడిదే. ఊదేవాడు శంఖం పక్కన పెట్టి చెయ్యి ఊపవచ్చు కదా అని ఇన్ని తరాల్లో ఒక్కరూ అడగలేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాల వైకల్యాలను గుర్తించింది, సముచిత సౌకర్యం కల్పించకపోవడమూ వివక్షేనన్నది. అందులో సహాయ కుక్క ప్రస్తావన లేదు. అమెరికాలో 1990 చట్టం కింద, బ్రిటన్‌లో 2010 చట్టం కింద ఇలాంటి కుక్కతో వచ్చిన మనిషిని దుకాణం గుమ్మంలోనే ఆపడం మామూలుగా కుదరదు. ఇక్కడ వాలంటీరు ఏడాది కష్టపడి పెంచినా, ఆ కుక్కను బస్సెక్కనివ్వకపోతే ఆ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ముందు తెరవాల్సింది తలుపులు.

దీనికోసం పార్లమెంటు దాకా పోయి కూర్చోవాల్సిన పని లేదు. మహబూబ్‌నగర్, నల్గొండ కలెక్టర్లు జిల్లాకు పది కుక్కపిల్లలతో మొదలుపెట్టవచ్చు. పశువైద్య శాఖ టీకాలు వేసి కార్డు ఇవ్వాలి. వికలాంగుల సంక్షేమ శాఖ జాకెట్టు, గుర్తింపు నంబరు ఇవ్వాలి. ఆర్టీసీ డిపోలకూ ప్రభుత్వ ఆసుపత్రులకూ ఒక సర్క్యులర్ పోవాలి. ఆ సర్క్యులర్‌లోనే ఇంకో వాక్యం చేర్చమని నా విన్నపం. ఓపీ గది తలుపు మీద, పిలిచే నంబరు ఎర్ర అక్షరాల్లో కనబడే బోర్డు ఒకటి పెట్టాలి. కుక్క పెరగడానికి ఏడాది పడుతుంది. బోర్డు వచ్చే సోమవారం ప్రజావాణి లోపే బిగించవచ్చు.