వాటర్‌మార్కు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ వాటర్‌మార్కు గారికి,

కావలి దగ్గరి ఒక జిల్లా పరిషత్ హైస్కూలు సోషల్ టీచరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, వాట్సాప్‌లో ఏ పీడీఎఫ్ తెరిచినా ముందు పేజీకి అడ్డంగా పల్చటి పేరు ముద్రగా మీ దర్శనమే.

మా టీచర్ల గ్రూపులో తిరిగే ఆంధ్రప్రదేశ్ మ్యాపు మీద మీరు మార్కాపురం దగ్గర తల పెట్టి, శ్రీహరికోట దాకా కాళ్ళు చాపుకొని పడుకొని ఉంటారు. సోమశిల మీ పొట్ట కింద. ఫోన్‌లో పల్చగా, పెద్దమనిషి తరహాగానే కనిపిస్తారు. జెరాక్సు షాపుకి వెళ్ళేసరికి మీ రంగు బయటపడుతుంది. అక్షరాలన్నీ కలిసిపోయి ఒక్కటే నల్లటి చార. పెన్నా మాత్రం మాయం.

మొన్న స్లిప్ టెస్టులో ఒక పిల్లాడు పెన్నాను అనంతపురం వైపు నుంచి శ్రద్ధగా గీసుకొచ్చి, నెల్లూరు జిల్లాలో అడుగుపెట్టగానే మీ మీదికి ఎక్కించి, తిన్నగా శ్రీహరికోట దగ్గర సముద్రంలో కలిపేశాడు. ‘ఊటుకూరు దగ్గర కదరా కలిసేది?’ అంటే, ‘మీరిచ్చిన మ్యాపులో ఇట్టానే ఉండాది సార్’ అన్నాడు. వాడి మార్కు కొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

పైగా మీరు ఒక్కరుగా రారు. మండలం ముద్ర మీద డివిజన్ ముద్ర, దాని మీద సంఘం ముద్ర, దాని మీద ఎవరిదో యూట్యూబ్ చానల్ పేరు, ‘సబ్‌స్క్రైబ్ చేయండి’తో సహా. సర్కారు ఉచితంగా పంచే పాఠ్యపుస్తకంలో పేజీని ఫొటో తీసి, దాని మీద కూడా ‘కాపీ చేయరాదు’ అని మీరే నిలబడతారు. సొమ్మొకడిది, సోకొకడిది.

చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ వాళ్ళు 2020 ఏప్రిల్‌లో కట్టడి పెట్టారు. మావాళ్ళు తక్కువ తిన్నారా? ఫైలు దించుకుని, ఇంకో ముద్ర కొట్టి, కొత్తగా ఎక్కిస్తారు. రెండు బాణాల గుర్తు పోతుంది, పాతకాపు కొత్త పెళ్ళికొడుకై వస్తాడు.

సరే, ముద్రలతో కడుపు నిండిందనుకుందాం. అదే పీడీఎఫ్ రెండో పేజీలో బిట్టు: ‘శ్రీహరికోట ఏ జిల్లాలో ఉంది?’ జవాబు: నెల్లూరు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడే శ్రీహరికోట తిరుపతి జిల్లాకి వెళ్ళిపోయింది. అన్ని చేతులు మారి, అన్ని ముద్రలు పడ్డ కాగితం మీద ఆ ఒక్క మాట దిద్దే తీరిక ఎవరికీ దొరకలేదు. దిద్దమని చెబుదామంటే చేసినవాళ్ళెవరో తెలియదు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం లేవు!

ఆ మ్యాపు గీసింది ఉదయగిరి వైపు పనిచేసే ఒక మేడమ్. అడుగున చిన్నక్షరాలతో పేరు రాసుకున్నారు. మీరు పడుకోవడానికి చోటు చాలక ఎవరో ఆ అంచు కత్తిరించారు. అన్ని ముద్రలతో అది తిరిగి ఆవిడ ఫోన్‌కే వస్తే, ‘ధన్యవాదాలు సార్, చాలా ఉపయోగం’ అని రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. వెటకారమో, మర్యాదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తాము చేసినదాన్ని నలుగురూ వాడుకోవచ్చని ముందే అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులని 2002 నుంచీ ఉన్నాయి. వాటిలో ఒకదాని షరతు ఇంతే: వాడుకో, పంచుకో, చేసినవాళ్ళ పేరు చెప్పు. తెలుగు వికీపీడియాలో ఏ పేజీకైనా ‘చరిత్ర’ నొక్కితే, ఏ మాట ఎవరు ఎప్పుడు మార్చారో తేదీతో సహా కనిపిస్తుంది. పేజీ మీద మాత్రం ఎవరూ అడ్డంగా పడుకోరు. మీకు ఇలాంటి సంగతులు చెబితే ఒళ్ళు మండుతుందని తెలుసు, అందుకే ఇక్కడితో ఆపుతున్నాను.

ఇట్లు,
మీ ముద్రల కింద పెన్నాను వెతుక్కుంటున్న
సోషల్ టీచరు

తా.క.: సవరణ మెసేజ్ పెడితే గ్రూపులో ఎవరూ చదవరు. మిమ్మల్ని మాత్రం ఎవరూ చెరపలేరు. కాబట్టి ఈసారి ఎవరైనా మిమ్మల్ని కొట్టేటప్పుడు, వాళ్ళ పేరు పక్కన ‘శ్రీహరికోట తిరుపతి జిల్లా’ అని కూడా అడ్డంగా పడుకోండి. పరీక్షలలోపు జిల్లా అంతా చేరుతుంది.